నాయన కళ్ళు మూసుకున్న సినిమా

మా సంఘంలో ఒక సినిమాకి పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా కూడదా అన్నది ఎవరింట్లో వాళ్ళు తేల్చుకునే విషయం కాదు. ముందుగా ఇద్దరు వెళ్ళి చూసి రావాలి. ఒకరు సంఘ పెద్ద, రెండోవారు చిన్నపిల్లలున్న తల్లి. ఆదివారం ఆరాధనలో వాళ్ళిద్దరూ లేచి నిలబడి, చూసిందేమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆపైన మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, "కుటుంబాలకు తగును" అనో "తగదు" అనో ఒక్క మాట అంటారు. దీనికి మేం పెట్టుకున్న పేరు 'చూసి చెప్పడం'. బయటివాళ్ళు వింటే నవ్వుతారు. నేనూ నవ్వేదాన్నే, నా వంతు వచ్చేదాకా.

ఈ పద్ధతి ఊరికే రాలేదు. మాది వాకాడు దగ్గర సముద్రం వైపు ఉన్న చిన్న ఊరు. సినిమా చూడాలంటే బస్సెక్కి గూడూరు పోవాలి. ఒకప్పుడు సినిమా అంటేనే పాపం అనేవాళ్ళు కాబట్టి, ఆస్పత్రికని ఒకరు, చుట్టాలింటికని ఒకరు చెప్పి వెళ్ళి, ఇంటర్వెల్లో సమోసాల దగ్గర ఎదురుపడేవాళ్ళు. "వందనాలక్కా" అంటే "వందనాలమ్మా" అని మొహాలు పక్కకి తిప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత మందిరంలో ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకోవడం, మాటలు మానేయడం. విసిగిపోయిన అయ్యగారు, దొంగచాటుగా చూడటం కన్నా చెప్పి చూడటం నయమని ఈ దారి కనిపెట్టారు.

ఇందులో ఒక తిరకాసు ఉంది. చూడకూడనిది తెర మీదకి వస్తే మా పెద్దలు తల వంచి కళ్ళు మూసుకుంటారు. డాన్సు రాగానే మూస్తారు, తాగుడు వస్తే మూస్తారు, రక్తం కారితే మూస్తారు. లోలోపల ప్రార్థన చేసుకుంటూ, కాసేపటికి పక్కనున్న తల్లిని "అయిపోయిందామ్మా?" అని అడుగుతారు. అయిపోయింది అంటే తెరుస్తారు. అంటే పెద్దలు చూసేది సగం సినిమా, తీర్పు మాత్రం మొత్తం మీద. ఆ మిగిలిన సగం చూడాల్సిన ఖర్మ పక్కనున్న ఆడమనిషిది. ఆమె కళ్ళు పాడవ్వవని మావాళ్ళ నమ్మకం కాబోలు. ఈ మాట ఒకసారి స్త్రీల కూడికలో అనేసి చీవాట్లు తిన్నాను.

పెద్దలందరిలోకీ గట్టిగా కళ్ళు మూసుకునేది మా నాయన.

నాయన మేస్త్రీ. మా మందిరం గోడలు ఆయన చేతి మీదే లేచాయి. కట్టిన గోడలో రవ్వంత వంకర కనబడితే, ఇంటివాళ్ళు పర్లేదన్నా వినకుండా పడగొట్టి మళ్ళీ కట్టేవాడు. మనుషుల విషయంలోనూ అంతే. కాకపోతే మనుషుల్ని పడగొట్టడం వచ్చినంత బాగా మళ్ళీ కట్టడం ఆయనకు రాదు. నేను ఆయన కూతుర్ని, ఆయన కోపం నాకూ వచ్చింది. అందుకే ఇద్దరం ఒక గదిలో ఉంటే మా అమ్మ ఏదో ఒక పని కల్పించి ఒకరిని బయటికి పంపేస్తుంది.

మా తమ్ముడు చెన్నైలో సినిమా ఫైటర్. హీరోలు మేడ మీద నుంచి దూకాలన్నా, గాల్లో ఎగరాలన్నా, వాళ్ళ బట్టలు తొడుక్కుని నడుముకి తాడు కట్టుకుని దూకేది ఇలాంటివాళ్ళే. ముఖం కనబడదు. పేరు ఎక్కడో చివర, జనం లేచి వెళ్ళిపోయేటప్పుడు వస్తే వస్తుంది. నాలుగేళ్ళ కిందట వాడు ఈ పనిలో చేరాడని తెలిసినప్పుడు, వాడి బల్ల ఆపాలని పెద్దల కూడికలో అడిగినది ఇంకెవరో కాదు, మా నాయనే.

బల్ల ఆపడమంటే చెప్పాలి. నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభు బల్ల. రొట్టె ముక్కలు పళ్ళెంలో పెట్టి, ద్రాక్షరసం చిన్న గ్లాసుల్లో పోసి, పెద్దలు వరసల వెంట అందిస్తారు. తప్పులో ఉన్నారని సంఘం అనుకున్నవాళ్ళకు అందించరు. వాళ్ళు మందిరానికి రావచ్చు, పాట పాడవచ్చు, కానుక వేయవచ్చు. పళ్ళెం మాత్రం వాళ్ళ ముందు నుంచి పక్క మనిషి చేతికి వెళ్ళిపోతుంది. అందరూ కళ్ళు మూసుకునే ఉంటారు, అందరికీ తెలుస్తుంది. అంతకన్నా సిగ్గు మావాళ్ళలో ఇంకొకటి లేదు. మా తమ్ముడు ఒక్క ఆదివారం దాన్ని భరించాడు. ఆ రోజు పళ్ళెం పట్టుకున్నది నాయనే. మళ్ళీ వాడు ఊరికి రాలేదు. ఫోన్ చేస్తే నాయన మాట్లాడకుండా అమ్మకి ఇచ్చేవాడు.

ఈ వేసవి మొదట్లో వాడు నాకు ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. అడగ్గా అడగ్గా చెప్పాడు. ఒక సినిమా కోసం లైట్ హౌస్ మీద నుంచి దూకుతుంటే తాడు జారిందట. కింద పరుపులు ఉన్నాయి కాబట్టి ప్రాణం దక్కింది, వెన్ను దెబ్బతింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. అంతా అయిపోయాక, లేచి నడుస్తున్నాక నాకు చెబుతున్నాడు. తిట్టాను. వాడు, ఇంట్లో చెప్పనని నా చేత మాట తీసుకుని, చివరికి అడగాల్సింది అడిగాడు.

"ఇంట్లోకి రానీకపోయినా పర్లేదక్కా. బల్ల కాడికి రానిస్తే చాలు."

ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. మర్నాడే అయ్యగారి దగ్గరికి వెళ్ళాను.

అయ్యగారు చెడ్డ మనిషి కాదు. తొందరపడి మాట ఇవ్వరు, ఇచ్చాక తిప్పరు. వాడు పనిచేసిన సినిమా ఏదని అడిగారు. చెప్పాను. అది ఆ వారమే విడుదలైన సినిమా, ఊళ్ళో పిల్లలంతా వెర్రెత్తిపోతున్న సినిమా. నీలం ముసుగు వేసుకుని సముద్రం మీద ఎగిరే వీరుడి కథ. ఊళ్ళో ఏ పిల్లవాడి మెడకి చూసినా తువ్వాలే. మా చిన్నోడు, నా రెండో బిడ్డ, మంచం మీద నుంచి ఎగిరి గడ్డం పగలగొట్టుకుని, కుట్లు వేయించుకుని వచ్చాడు. తగునా తగదా చెప్పమని తల్లులు అప్పటికే అయ్యగారిని నిలవనివ్వడం లేదు.

అయ్యగారు ఒక దారి చెప్పారు. మన కుటుంబాలు చూడదగ్గ సినిమా అయితే, దానిలో పని చేయడం గోడ కట్టడం లాంటిదే, లారీ నడపడం లాంటిదే; వచ్చే మొదటి ఆదివారం వాడు బల్లకి రావచ్చు. చూడకూడనిది అయితే, దాన్ని తయారుచేసిన చేతికి రొట్టె ఎలా ఇవ్వాలో నువ్వే చెప్పమ్మా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. న్యాయం ఉన్నందుకే నాకు ఒళ్ళు మండింది.

ఆదివారం అయ్యగారు ఈ సంగతి సంఘం ముందు పెట్టి, చూసి రావడానికి ఎవరు వెళతారని అడిగారు. ఎప్పుడూ వెళ్ళే ఇద్దరు తల్లులు చీర కొంగులు సర్దుకుంటూ కింద చూశారు. ఒక ఇంటి బిడ్డని బయట నిలబెట్టే మాట తమ నోటి నుంచి రావడం ఎవరికీ ఇష్టం లేదు. అప్పుడు నాయన లేచాడు. తనే చూసొస్తానన్నాడు. ఇంటి మనిషే తీర్పు చెప్పడమేమిటని వెనక ఎవరో గొణిగారు.

"నా కొడుకని నేను తగ్గించి చెప్తానని ఎవురికన్నా అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పండి" అన్నాడు నాయన.

ఎవరికీ లేదు. నాయన కన్నా గట్టిగా చెప్పేవాళ్ళు సంఘంలో లేరని పసిపిల్లలకి కూడా తెలుసు. నేనూ లేచాను. నాకు ఇద్దరు పిల్లలున్నారు, నేను వెళతానన్నాను. నాయన నా వైపు చూడలేదు. నా మనసులో ఉన్నది ఒకటే. ఎలాగూ ఈయన కళ్ళు మూసుకుంటాడు. అప్పుడు ఈయనకు కళ్ళు నేనే.

బుధవారం పొద్దున బస్సెక్కాం. నాయన తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతి సంచిలో బైబిల్. గూడూరు రాగానే నిమ్మకాయల మార్కెట్ వాసన బస్సులోకి కొట్టింది, ఆయన తుమ్మాడు, నేను "చల్లగా ఉండు నాయనా" అన్నాను. ఆ పూట మా మధ్య జరిగిన ముచ్చట అంతే.

థియేటర్లో అంతా పిల్లలు, ఈలలు. చల్లటి హాల్లో నాయన కుర్చీ అంచున కూర్చుని, లైట్లు ఆరకముందే తల వంచి ప్రార్థన చేశాడు. ముందు వరసలో కుర్రాళ్ళు వెనక్కి తిరిగి చూసి మోచేతులతో పొడుచుకున్నారు. నాకు సిగ్గేసింది, సిగ్గేసినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

సినిమా మొదలైంది. హార్బర్లో మూటలు మోసే కుర్రాడు, వాడికి ఒక పిడుగు రాత్రి వచ్చిన శక్తి, వాడు కాపాడే చేపల రేవు. బాగానే ఉంది. నేను పిల్లల తల్లిగా చూస్తున్నానా, అక్కగా చూస్తున్నానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఇరవై నిమిషాలకి పాట వచ్చింది. బట్టలు తక్కువ, ఊపు ఎక్కువ. నాయన తల వాలిపోయింది. పాట అయ్యాక కూడా ఆయన తల ఎత్తలేదు, అడిగాడు, అయిపోయిందని చెప్పాను. తర్వాత విలన్ మనుషులు తాగే చోటు. మళ్ళీ తల కిందికి. ఆపైన ముసుగు వీరుడు రేవు జనం ముందు గాల్లో నిలబడి, మీకోసం దేవుడు రాడు, నేనే వస్తాను అంటాడు. హాలంతా ఈలలు. నేను పక్కకి చూశాను. అప్పుడు నాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. దవడ ఎముక కదులుతోంది.

ఇంటర్వెల్లో ఆయన సంచి తీసుకుని లేచాడు. చూసింది చాలు, పోదాం పదమన్నాడు. నేను కదల్లేదు. సగం చూసి మొత్తం చెప్పడం అబద్ధం కిందికి రాదా అని అడిగాను. కొంచెం గట్టిగానే అడిగాను, సమోసాలు పట్టుకున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆయన నిలబడే ఉన్నాడు. నీ తమ్ముడి మొఖం యాడా కనపళ్ళేదే అన్నాడు. కనబడదు నాయనా, వాడి పనే అది అన్నాను. ఆయన కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో అప్పుడు నాకు అర్థం కాలేదు, నేను గెలిచాననే అనుకున్నాను.

రెండో సగంలో అసలు గండం వచ్చింది. చివరి పోరుకి వెళ్ళే ముందు వీరుడు రేవులోని అమ్మవారి గుడికి వెళతాడు. డప్పులు, హారతి. ముసుగు తీసి సాష్టాంగపడి మొక్కుతాడు, బొట్టు పెట్టుకుని లేస్తాడు. డప్పు వినగానే నాయన కళ్ళు మూసుకున్నాడు. రేవులో పుట్టిన ఆ కథలో ఆ మొక్కు సహజంగానే ఉంది, మా ఊళ్ళో చేపలు పట్టే పట్టపోళ్ళు పడవ దించే ముందు చేసేదే. కానీ మా సంఘంలో మిగతా ఏది దాటినా ఇది దాటదు. తగదు అనడానికి ఇదొక్కటి చాలు. డప్పులు ఆగాయి. అదేమిటో ఆయన చూడలేదు. ఏదో ఊరేగింపు అంటే నమ్ముతాడు. ఆ ఒక్క ముక్క మీద మా తమ్ముడి బల్ల ఆధారపడి ఉంది.

"అయిపోయిందామ్మా? ఏంది అది?"

అబద్ధం నాలుక మీదకి వచ్చేసింది. ఇంకెవరైనా అయితే చెప్పేసేదాన్నే. కానీ ఆయన కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాయి, నేను తెరవమంటేనే తెరుస్తాడు, చిన్నపిల్లవాడు అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు నన్ను నమ్ముకుని కూర్చున్నాడు. అలా నమ్మినవాడికి ఎలా చెప్పను?

గుడి సీను నాయనా, మొక్కుకున్నాడు అన్నాను. ఆయన తల ఊపి కళ్ళు తెరిచాడు. నా తమ్ముడిని నేనే బయటికి తోసేశానని నాకు తెలుసు. దేవుడి మీద, అయ్యగారి మీద, పక్కనున్న ఈయన మీద, ఆ గుడి సీను రాసినవాడి మీద, అందరి మీదా కోపం వచ్చింది.

ఆ వెంటనే లైట్ హౌస్ వచ్చింది. వీరుడిని పైకి తీసుకెళ్ళి కత్తితో పొడుస్తారు. నెత్తురు చూడగానే నాయన తల వంగబోయింది. నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. మా ఇంట్లో ఆడపిల్లలం నాయనను అలా పట్టుకోం.

"కళ్ళు మూసుకోబాక నాయనా. ఇదొక్కటి చూడు."

తెర మీద నీలం ముసుగు మనిషి లైట్ హౌస్ అంచు మీద ఊగి, వెనక్కి పడ్డాడు. సంగీతం ఆగిపోయింది, గాలి చప్పుడే ఉంది. నాకు ఆ పడటం ఎక్కడిదాకా తాడు మీదో, ఎక్కడ నుంచి నిజమో ముందే తెలుసు, వాడు ఫోన్లో చెప్పాడు. సగం దూరం దాకా కాళ్ళూ చేతులూ అందంగా చాపి ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కసారి ఒళ్ళు మెలి తిరిగింది. కుడి చెయ్యి పొట్టకి అదుముకుని, గడ్డం రొమ్ముకి ఆనించి, మోకాళ్ళు ముడిచాడు. అది హీరో పడటం కాదు, భయపడ్డ మనిషి పడటం. బాగా వచ్చిందని డైరెక్టరు దాన్నే ఉంచేశాడట.

నాయన లేచి నిలబడ్డాడు. నిండిన హాల్లో రెండు చేతులూ ముందుకి చాపి, పట్టుకోబోతున్నట్టు నిలబడ్డాడు. సంచి కింద పడింది. వెనక నుంచి కూర్చో పెద్దాయనా అని అరిచారు. ఆయనకు వినబడలేదు. వాడే, అన్నాడు. నన్ను అడగలేదు, తనలో తను అన్నాడు. నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన చేతులు చాలాసేపు మోకాళ్ళ మీద తెరుచుకునే ఉన్నాయి.

ఆ తర్వాత సినిమాలో ఏం జరిగిందో నాయనకు తెలియదు. తెర వైపే చూస్తున్నాడు, ఏదీ చూడటం లేదు. చివర్లో వీరుడు లేచి వచ్చి, తనను పొడిచినవాడిని చంపడానికి చెయ్యెత్తి, దించేసి, వాడిని నీళ్ళలోంచి లాగి ఒడ్డున పడుకోబెడతాడు. పిల్లలకి చూపించదగ్గ ముక్క ఏదైనా ఉంటే అదే. ఆ ముక్క నేనొక్కదాన్నే చూశాను.

తిరుగు బస్సులో ఆయన అడిగాడు, నాకు చెప్పక తప్పలేదు. తాడు జారడం, వెన్ను, మూడు నెలల మంచం. తమ్ముడికిచ్చిన మాట పోయింది. నాయన కిటికీలోంచి ఉప్పుటేరు వైపు చూస్తూ విన్నాడు.

"నాకెందుకు చెప్పలా?" అన్నాడు.

"నువ్వు అడగలా" అన్నాను.

ఆదివారం దాకా తీర్పు ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అమ్మ రెండు పూటలా ఉపవాసం ఉంది. చూసి చెప్పేవాళ్ళు ముందుగా ఒకరితో ఒకరు కూడబలుక్కోకూడదన్నది కూడా పద్ధతిలో భాగమే. తమ్ముడు మాత్రం రోజూ ఫోన్ చేసి ఏమన్నాడక్కా అని అడిగేవాడు. తెలియదురా అనేదాన్ని. ఆదివారం వస్తున్నానన్నాడు. వద్దనలేకపోయాను.

ఆ మొదటి ఆదివారం మందిరం నిండిపోయింది. సినిమా సంగతి వినాలని పిల్లలు కూడా అల్లరి మానేసి చాపల మీద కూర్చున్నారు. తమ్ముడు మొదటి పాట అయ్యాక వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నాడు. చిక్కిపోయాడు. కూర్చునేటప్పుడు బెంచీ అంచు పట్టుకుని మెల్లగా కిందికి వంగాడు. నాయన ముందు వరసలో పెద్దల కుర్చీలో ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. బల్ల మీద తెల్లగుడ్డ కప్పి రొట్టె సిద్ధంగా ఉంది.

అయ్యగారు పిలిచారు. నాయన లేచి ఒక్కొక్కటీ చెప్పాడు. పాటలో బట్టలు, తాగుడు, దేవుడు రాడు నేనే వస్తానన్న మాట, గుడిలో మొక్కు. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. చివరికి, మన కుటుంబాలకి ఇది తగదని నాకు తోచిందన్నాడు. వెనక ఒక తల్లి నిట్టూర్చింది. అమ్మ తల కిందికి వాలిపోయింది. నేను తమ్ముడి వైపు చూడలేకపోయాను.

అయ్యగారు నన్ను అడిగారు. నేను లేచి చెప్పాను. నాయన చెప్పినవన్నీ ఉన్నాయన్నాను. శత్రువును చంపకుండా నీళ్ళలోంచి లాగిన చోటు కూడా ఉందని, దాన్ని నాయన చూడలేదని చెప్పాను. మా చిన్నోడి గడ్డం కుట్లు కూడా చెప్పాను. పెద్ద పిల్లలైతే అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడవచ్చని, చిన్నవాళ్ళకి వద్దని నా మనసులో ఉన్నది చెప్పి కూర్చున్నాను. అయ్యగారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. పాపం, ఆయనకీ కష్టంగానే ఉంది. కానీ గుడి మొక్కు దగ్గర ఆయన దాటలేకపోయారు. "తగదు" అన్నారు.

అంతే. ఒక్క మాట. తమ్ముడి బల్ల మళ్ళీ ఆగింది.

నాయన ఇంకా నిలబడే ఉన్నాడు. కూర్చోవడం మర్చిపోయాడేమో అనుకున్నాం. మళ్ళీ మాట్లాడతాడని ఎవరం అనుకోలేదు.

"నేను చెప్పాల్సింది ఇంకోటి ఉండాది" అన్నాడు. గొంతు పెద్దగా లేదు. "ఆ సినిమాలో కళ్ళు తెరిచి నేను పూరాగా చూసింది ఒక్కటే. మనిషి పడిపోడం. నా కొడుకు వాడు. చిన్నప్పుడు నేను పని చేసే కాడ సారవ మీద నుంచి అట్నే పడినాడు, చెయ్యి పొట్టకి పెట్టుకోని. ఆ పొద్దు నేను వాణ్ణి లేపకముందే తిట్టినా. ఈ నాలుగేళ్ళూ అదే చేసినా. వాడు పడి మూడు నెలలు లేవకుండా ఉంటే నాకు తెలీదు. తెలీకుండా పళ్ళెం పట్టుకోని తిరిగినా. ఇయ్యాళ నేను పళ్ళెం పట్టుకోను. తీసుకోను కూడా."

సారవ అంటే గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు నిలబడే కర్రల కట్టు. అది అక్కడ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు.

ఆయన పెద్దల కుర్చీ వదిలి నడవ వెంట వెనక్కి నడిచాడు. పిల్లలు చాపల మీద కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. చివరి బెంచీ దగ్గర ఆగితే తమ్ముడు కంగారుగా లేవబోయాడు, నాయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాడు.

పాట ఎత్తుకున్నారు. పళ్ళేలు బయలుదేరాయి. వరస వరసా దాటి వెనక్కి వెళ్ళాయి. చివరి బెంచీ దగ్గర పళ్ళెం పట్టుకున్న సంఘ పెద్ద ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు. మా నాయన కన్నా పదేళ్ళు చిన్న, నాయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. తమ్ముడు నాయన చెవిలో తీసుకోమన్నాడట. తర్వాత వాడే నాకు చెప్పాడు. నాయన తల అడ్డంగా ఊపాడట.

"నీకిచ్చిననాడు తీసుకుంటా" అన్నాడట.

పళ్ళెం వాళ్ళిద్దరి ముందు నుంచీ వెళ్ళిపోయింది. అంతకుముందు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను తీసుకున్నాను. అమ్మ చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది, ఏడుపులో తినడం మర్చిపోయింది.

ఆరాధన అయ్యాక అందరూ వాకిట్లో గుంపులుగా నిలబడి గొణుక్కుంటున్నారు. అయ్యగారు తలుపు దగ్గరే ఆగిపోయారు, బయటికి వచ్చేవాళ్ళకి వందనాలు చెబుతూ ఎవరి చేతిని పట్టుకున్నారో ఆయనకే తెలియనట్టుంది. నేను మందిరం పక్కసందులోకి వెళ్ళేసరికి తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడి ఉన్నాడు, నాయన వాడి చొక్కా వెనక నుంచి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. సిమెంటుకి పగిలిన ఆ వేళ్ళతో వెన్నెముక పైనుంచి కిందికి మెల్లగా తడుముతున్నాడు. నన్ను ఇద్దరూ చూడలేదు.

"యాడరా తగిలింది?"

"ఇప్పుడేం నొప్పి లేదు నాయనా" అన్నాడు తమ్ముడు.

ఉంది. నాయన వేలు నడుము దగ్గరికి రాగానే వాడి ఒళ్ళంతా ముడుచుకుపోయింది. నాయన అక్కడే చెయ్యి ఆపి, తీయకుండా అలాగే ఉంచాడు.